న్యూజెర్సీలో పెరడు, చేపల కొలను: మొదటి వసంతానికి కొన్ని సూచనలు

న్యూజెర్సీలో ఉగాది నాటికి చాలా చెట్లకు ఇంకా ఆకులు రావు. మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, సాయంత్రం ఏడు దాకా వెలుగుంటుంది. ఆకు లేని ఫోర్సీతియా పొదలు నిలువెల్లా పసుపు పూలు పూస్తాయి. అవి చూశాక మన చేతులు ఊరుకోవు, గోంగూర గింజలు చల్లేద్దామనిపిస్తుంది. కాస్త ఆగండి. ఏప్రిల్ ఆఖరు దాకా, కొన్ని చోట్ల మే మొదట్లో కూడా, ఒక్క రాత్రి మంచుకు లేత మొక్కలు నల్లబడిపోతాయి.

మేం కొన్న ఇంటి పెరట్లో పాత ఓనర్లు తవ్వించిన చేపల కొలను ఉంది. మొదటి మార్చిలో ఎండ కాసిన రోజున కోయి అనే రంగురంగుల పెంపుడు చేపలు పైకి వచ్చాయి. పిల్లలు సంబరపడి గుప్పెళ్ళతో మేత వేశారు. నీళ్ళు తగ్గాయని నేను పైపు పెట్టి నింపాను. వారం తిరక్కుండా మూడు చేపలు పోయాయి. పిల్లల ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు నీటిలో పెట్టే థర్మామీటరు ఒకటి కొనండి. నీళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్, దాటి నిలకడగా ఉండేదాకా మేత వెయ్యొద్దు. చలిలో చేపకు తిన్నది అరగదు. పైగా చేపల వ్యర్థాల్లోని అమోనియా విషాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్‌లో ఇంకా సరిగా మేలుకోదు. అందుకే వేసవిలో ఏమీ కాని మేత వసంతంలో ప్రాణం తీస్తుంది. 50 దాటాక గోధుమ గింజలోని అంకురంతో (వీట్ జెర్మ్) చేసిన మేత, అదీ కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

కుళాయి నీళ్ళు నేరుగా కలపకండి. వాటిలో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ గానీ క్లోరమైన్ గానీ ఉంటుంది, అవి చేపలకు విషం. క్లోరిన్ అయితే బకెట్లో ఒకట్రెండు రోజులు ఉంచితే పోతుంది, క్లోరమైన్ అలా పోదు. అందుకే వాటిని విరిచే డీక్లోరినేటర్ మందు తప్పనిసరి. లాన్‌కి మందు కొట్టే మనుషులు వస్తే, కొలను దగ్గరికి రావద్దని ముందే చెప్పండి. వానకు ఆ మందు కొట్టుకొచ్చి నీళ్ళలో కలుస్తుంది.

కొంగ జపం ఇక్కడా ఉంది. బూడిదరంగు పెద్ద కొంగ తెల్లారుజామున వచ్చి గట్టు మీద కదలకుండా నిలబడుతుంది. కలువలు పెరిగి నీడ ఇచ్చేదాకా పైన వల కట్టి ఉంచడమే మేలు. చేపలు ఎక్కువైతే తెలిసినవాళ్ళకు ఇవ్వండి, వాగుల్లో వదలకండి. అక్కడి జలచరాలకు అవి చేటు. పసిపిల్లలున్న ఇంట్లో కంచె లేని కొలను వద్దు, ఇందులో రాజీ పడకండి.

ఇక మొక్కలు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర చలికి ఓర్చుకుంటాయి, ఏప్రిల్లోనే చల్లొచ్చు. గోంగూర, బెండ, సొర, తోటకూర, టమాటాలకు మాత్రం ఇక్కడివాళ్ళు మదర్స్ డే లెక్క చెబుతారు. అది మే రెండో ఆదివారం. అప్పటిదాకా గోంగూర, టమాటా నారు కిటికీ దగ్గర కుండీల్లో పెంచండి. కరివేపాకు కుండీ రాత్రి చలి 50 కంటే దిగనప్పుడే బయట పెట్టండి. ఇండియా నుంచి కరివేపాకు తేకండి, నిమ్మజాతి చెట్ల తెగులు భయంతో కస్టమ్స్‌లో ఆపేస్తారు. మట్టి పరీక్ష రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌లో చేయించుకోవచ్చు.

కొత్త కొలను గానీ, కంచె గుంజల గుంటలు గానీ తవ్వాలంటే మూడు పని దినాల ముందు 811కి ఫోన్ చేయండి. భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిపోతారు. కొలనుకు పర్మిషన్ కావాలేమో టౌన్‌షిప్ ఆఫీసులో అడగండి. పెరట్లో పని చేసి లోపలికి వచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో పిడుదులు ఉన్నాయేమో వెతకండి. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది.

మార్చి ఆఖర్లో చీకటి పడ్డాక కిటికీ కాస్త తెరవండి. తడి నేలలు దగ్గర్లో ఉంటే బొటనవేలి గోరంత కప్పలు వందల కొద్దీ ఈలలు వేస్తుంటాయి. మే మధ్యకల్లా కలువాకులు నీటి మీద పరుచుకుంటాయి, మీ అడుగుల చప్పుడుకే చేపలు గట్టు దగ్గరికి వస్తాయి. ఒక కుర్చీ అక్కడే వేసి ఉంచండి.