విద్యుత్ వాహనాల రాయితీ, ధర పరిమితి: దారి తప్పకుండా చర్చ నడపడం ఎలా

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా అపార్టుమెంటులో తెలుగువాళ్లం నెలకొక ఆదివారం కూర్చుని ఏదో ఒక అంశంపై చర్చించుకుంటాం. విద్యుత్ వాహనాలకు ప్రభుత్వం రాయితీ ఇవ్వాలా అన్న అంశాన్ని మొదటిసారి పెట్టినప్పుడు గంటన్నర మాట్లాడుకున్నాం కానీ, ఒకరి వాదానికి మరొకరు జవాబు చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు. చివర్లో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి, “బాబూ, ధర పరిమితి అంటే బండి ధర ఇంతకు మించకూడదని ప్రభుత్వం శాసించడమా, లేక ఇంత ధర దాటిన బండికి రాయితీ ఇవ్వననడమా?” అని అడిగారు. అప్పటిదాకా సభలో కొందరు మొదటి అర్థంతోనూ, మిగిలినవారు రెండో అర్థంతోనూ వాదిస్తున్నారని అప్పుడు తేలింది. ముందే అర్థం చెప్పకపోవడం నిర్వాహకుడిగా నా తప్పు. తరువాత ఇదే అంశాన్ని మరో రెండుసార్లు నడిపాం. ఆ అనుభవంతో ఇది రాస్తున్నాను.

ముందుగా ధర అన్న మాటను తేల్చండి

మన దేశంలోని రాయితీ పథకాలలో ధర పరిమితి అంటే ఆ పెద్దాయన చెప్పిన రెండో అర్థమే. 2019 ఏప్రిల్‌లో మొదలై 2024 మార్చితో ముగిసిన ఫేమ్-2 అనే కేంద్ర రాయితీ పథకంలో, ఎక్స్‌ఫ్యాక్టరీ ధర (కర్మాగారం దగ్గరి ధర) లక్షన్నర రూపాయలు దాటిన ద్విచక్ర వాహనానికి కేంద్రం రాయితీ ఇవ్వలేదు. అంతకంటే ఎక్కువకు అమ్మకూడదని ఎవరూ అనలేదు. అమ్ముకుంటే రాయితీ ఉండదన్నారు, అంతే. అయితే ఎక్స్‌ఫ్యాక్టరీ ధర వేరు, షోరూమ్ ధర వేరు, పన్నూ బీమా కలిపి చేతికి వచ్చే ఆన్‌రోడ్ ధర వేరు. ఏ ధర గురించి మాట్లాడుతున్నారో వక్త ప్రతిసారీ చెప్పి తీరాలన్న నియమం పెట్టండి.

ఈ నియమం ఎందుకు అవసరమో ఒక బిల్లు చూశాక మాకు బాగా అర్థమైంది. 2022లో స్కూటర్ కొన్న మా పక్క బ్లాకు సోదరి, ప్లాస్టిక్ కవరులో దాచిన అసలు బిల్లును రెండో చర్చకు తెచ్చి బల్ల మీద పరిచారు. బండి ధర ఒక వరుసలో, రాయితీ దాని కింద, చార్జర్ మాత్రం విడిగా మరో కాగితం మీద ఉన్నాయి. చార్జర్ లేని బండిని ఎవరు కొంటారు? అయినా దాన్ని విడిగా బిల్లు వేస్తే బండి ధర పరిమితి లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది. 2023లో కేంద్రం ఈ పద్ధతిని ప్రశ్నించిన తరువాత, కొన్ని కంపెనీలు చార్జర్ కోసం వసూలు చేసిన డబ్బును కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ధర పరిమితిని సమర్థించేవారు “ధరలో ఏమేం కలుస్తాయి?” అన్న ప్రశ్నకు సిద్ధంగా లేకపోతే వారి వాదం ఇక్కడే కూలిపోతుంది. వ్యతిరేకించేవారు కూడా ఇది లెక్క రాసే పద్ధతిలోని లోపమా, లేక పరిమితి అనే ఆలోచనలోనే ఉన్న లోపమా అన్నది వేరుచేసి చెప్పగలగాలి.

తీర్మానాన్ని కత్తిరించి రాయండి

“రాయితీలు మంచివా, చెడ్డవా” అని పెడితే చర్చ ఎటైనా పోతుంది. ఎవరికి, ఎంత, ఏ ధర వరకు, ఎప్పటి వరకు అన్న నాలుగింటినీ బోర్డు మీద నాలుగు గళ్లుగా గీసి, తీర్మానం వాటిలో కనీసం రెండింటినైనా నింపేలా చూడండి. మేము మూడోసారి పెట్టిన తీర్మానం ఇది: “రాష్ట్రంలో 10 లక్షల రూపాయల లోపు విద్యుత్ కార్లకు మాత్రమే జీవితకాల పన్ను (బండి రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే రహదారి పన్ను) మినహాయించాలి.” ఈ ఒక్క వాక్యంతో ఎవరు ఏ వైపో స్పష్టమైంది.

ఇలాంటి తీర్మానానికి బెంగళూరు తెలుగువారి దగ్గర మంచి ముడిసరుకు ఉంది. కర్ణాటక 2024లో వాహన పన్ను చట్టాన్ని సవరించి 25 లక్షలు దాటిన విద్యుత్ కార్లపై 10 శాతం జీవితకాల పన్ను వేసింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ తెచ్చిన విధానం రహదారి పన్నునూ రిజిస్ట్రేషన్ రుసుమునూ పూర్తిగా మినహాయించింది. రెండు రాష్ట్రాలలోనూ చుట్టాలున్న సభలో ఇది పుస్తకంలోని ఉదాహరణలా కాకుండా ఇంటి విషయంలా చర్చకు వస్తుంది. ఇలాంటి ఉత్తర్వులు తరచూ మారుతుంటాయి కాబట్టి, చర్చ జరిగే వారంలో అమలులో ఉన్న ఉత్తర్వును రవాణా శాఖ వెబ్‌సైటులో ఒకరు చూసి రావాలి.

లెక్క బోర్డు మీద చేయండి

ఈ పనిని మాత్రం తొందరపడి దాటవేయవద్దు. 3 కిలోవాట్ అవర్ల (బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం) బ్యాటరీ, 1,10,000 రూపాయల ఎక్స్‌ఫ్యాక్టరీ ధర ఉన్న ఒక ఊహా స్కూటర్‌ను తీసుకోండి. ఫేమ్-2లో 2021 జూన్ సవరణ తరువాత కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయల చొప్పున 45,000 రావాలి. కానీ వాహన ధరలో 40 శాతం మించకూడదన్న నిబంధన వల్ల 44,000 దగ్గర ఆగుతుంది. 2023 జూన్ నుంచి రేటు 10,000కు, గరిష్ఠ వాటా 15 శాతానికి తగ్గాయి కాబట్టి అదే బండికి 16,500 వస్తుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన తాత్కాలిక పథకంలో గరిష్ఠం 10,000. అదే ఏడాది అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో తొలి ఏడాది 10,000, 2025-26లో 5,000. ఒకే బండికి అయిదేళ్లు తిరగకుండా 44,000 కాస్తా 5,000 అయింది. ఈ నాలుగు అంకెలు బోర్డు మీద పడేసరికి సభ నిశ్శబ్దమైంది. “రాయితీ ఉందా, లేదా” అన్న ప్రశ్న పోయి, “ఏ వేగంతో తగ్గించాలి” అన్న అసలు ప్రశ్న అప్పుడు ముందుకు వచ్చింది.

రెండో లెక్క గడప గురించి, అంటే పరిమితి గీతకు అటూ ఇటూ జరిగేదాని గురించి. పైన చెప్పిన కర్ణాటక 2024 సవరణలోలా పరిమితి 25 లక్షలు, పన్ను 10 శాతమైతే 24.90 లక్షల కారుకు పన్ను సున్నా, 25.10 లక్షల కారుకు 2.51 లక్షలు. ధరలో 20,000 తేడాకు పన్నులో రెండున్నర లక్షల తేడా వస్తుంది. పరిమితిని వ్యతిరేకించేవారికి ఇంతకంటే పదునైన వాదం లేదు. దీనికి సమర్థకుల దగ్గర నిజాయితీ గల జవాబు ఒక్కటే: ఒక్కసారిగా తెంచకుండా మెట్లు మెట్లుగా పన్ను పెంచే పద్ధతిని వారే ప్రతిపాదించాలి.

డబ్బు ఎవరికి చేరుతోందో అడగండి

రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ యువకుడినీ, పన్నెండు కిలోమీటర్లు తిరిగే ఆఫీసు ఉద్యోగినీ పక్కపక్కన పెట్టండి. లీటరు పెట్రోలు 100 రూపాయలు, మైలేజీ 45 అనుకుంటే మొదటివాడికి రోజుకు 222 రూపాయలు ఖర్చవుతాయి, రెండోవాడికి 27. బండి మారితే నిజంగా బతుకు మారేది మొదటివాడికే. కానీ చేతిలో డబ్బు ఉన్నది రెండోవాడి దగ్గర. అద్దె బండి మీద తిరిగే కుర్రవాడికైతే కొనుగోలు రాయితీ నేరుగా అందనే అందదు. ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈఈబీ సెక్షన్ కింద, 2019 ఏప్రిల్ నుంచి 2023 మార్చి వరకు మంజూరైన విద్యుత్ వాహన రుణాల వడ్డీపై లక్షన్నర వరకు మినహాయింపు ఉండేది. అదీ ఆదాయపు పన్ను కట్టేవారికే ఉపయోగపడింది. నా వరకు నేను ధర పరిమితిని సమర్థిస్తాను, కారణం ఇదే: ప్రజల డబ్బు ముందుగా ఎక్కువ తిరిగేవాడి, తక్కువ సంపాదించేవాడి చేతికి అందాలి.

దీనికి ఎదురు వాదం బలమైనదే. ఖరీదైన బండ్లు కొనేవారి వల్లనే తొలి రోజుల్లో కొత్త సాంకేతికతకు మార్కెట్ ఏర్పడుతుందనీ, ఆ తరువాతే ధరలు దిగివస్తాయనీ అంటారు. దీన్ని తేలికగా కొట్టిపారేయవద్దు. పన్నుల లెక్కను కూడా ఎదుటివారు తీసుకురావచ్చు: విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే, అందులో ధర పరిమితి లేదు, 350 సీసీ వరకు ఉన్న పెట్రోలు ద్విచక్ర వాహనాలపై అది 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దిగింది. చెక్కు రూపంలో ఇచ్చేదే కాక, వసూలు చేయకుండా వదిలే పన్ను కూడా రాయితీయేనని రెండు పక్షాలూ ఒప్పుకున్నాకే లెక్క సరిపోతుంది.

“సొంత బండికి ఎందుకు, బస్సుకు ఇవ్వండి” అనేవారు ప్రతి సభలోనూ ఉంటారు. పీఎం ఈ-డ్రైవ్ మొత్తం 10,900 కోట్లలో 4,391 కోట్లు 14,028 విద్యుత్ బస్సులకే కేటాయించారని, ఆ బస్సులు అందే నగరాలలో బెంగళూరు, హైదరాబాదు రెండూ ఉన్నాయని వారికి చెప్పండి.

బయటి దేశాల ఉదాహరణలు రెండు చాలు

అమెరికా 2022 చట్టం ప్రకారం 7,500 డాలర్ల పన్ను రాయితీకి కార్ల ధర 55,000, ఎస్‌యూవీల ధర 80,000 డాలర్లు దాటకూడదన్న నియమం ఉండేది. అలా విడదీయడంతో ఏది కారు, ఏది ఎస్‌యూవీ అన్న తగాదా మొదలై, 2023 ఫిబ్రవరిలో వర్గీకరణనే మార్చవలసి వచ్చింది. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. జర్మనీ 2023 డిసెంబరులో ఒక శనివారం ప్రకటించి ఆదివారంతో విద్యుత్ కార్ల రాయితీ దరఖాస్తులు ఆపేసింది. బండి బుక్ చేసి ఎదురుచూస్తున్నవారు మధ్యలో చిక్కుకుపోయారు. మొదటిది ధర పరిమితిని రాయడంలోని కష్టానికి, రెండోది ముందుగా చెప్పని గడువుకు ఉదాహరణ. “అమెరికాలో ఉంది కదా” అన్న మాటను మాత్రం వాదంగా ఒప్పుకోకండి.

సభ నిర్వహణ

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, ప్రశ్నలకు రెండు నిమిషాలు సరిపోతాయి. సగం సమయం అయ్యాక పక్షాలను తారుమారు చేయండి. సొంత బండి ఉన్నవారు రాయితీకి వ్యతిరేకంగా మాట్లాడవలసి వచ్చినప్పుడే మంచి ప్రశ్నలు పుడతాయి. ఎవరైనా అంకె చెబితే ఏ ఏడాదిదో, ఏ పథకానిదో అడిగి బోర్డు మీద రాయండి. చెప్పలేకపోతే ఆ అంకెను పక్కన పెట్టండి. ఓటు ముందొకసారి, చివర్లో ఒకసారి తీసుకోండి.

మా మూడో చర్చలో తీర్మానం యథాతథంగా నెగ్గలేదు. 10 లక్షల వరకు పూర్తి మినహాయింపు, ఆపైన మెట్లవారీగా పన్ను, ప్రతి మార్పుకూ ఆరు నెలల ముందస్తు ప్రకటన అన్న సవరణతో నెగ్గింది. ఆ సవరణను రాసిన కాగితం మీద రెండు పక్షాలవారూ సంతకాలు చేశారు. దాన్ని రవాణా శాఖకు వినతిపత్రంగా పంపడానికి ఆ బ్యాంకు అధికారిగారే ఇప్పుడు కన్నడంలోకి రాయిస్తున్నారు.