బండి హెడ్‌లైటు మనమే మార్చుకుందాం – 3వ భాగం: బల్బు కొనే ముందు రిలే పెట్టండి

మొదటి భాగంలో మన బండి లైటు ఏసీ మీద వెలుగుతోందా, డీసీ మీదా అని మీటరు పెట్టి తేల్చుకున్నాం. రెండో భాగంలో రిఫ్లెక్టరు, అద్దం, హెచ్4 బల్బు (హై, లో బీమ్‌లు రెండూ ఒకే దాంట్లో ఉండేది) లోపలి సంగతి చూశాం. ఈసారి చేతికి పని. ఉదాహరణ బండి అదే: 2021కి ముందు వచ్చిన యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండేది) రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, హ్యాండిల్ మార్చి, ముందు డూమ్ (హెడ్‌లైటు కూర్చునే లోహపు గిన్నె) తీసేసి, విడి 7 అంగుళాల హెడ్‌లైటును బ్రాకెట్ల మీద బిగించిన బండి. మీ బండి లైటు ఏసీ మీద నడిచేదైతే ఈ భాగం చదివి పక్కన పెట్టుకోండి, పని మాత్రం మొదలుపెట్టొద్దు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు; మామూలు రిలే లోపలి కాయిల్‌కి డీసీ కావాలి, ఏసీ ఇస్తే గరగరమని కొట్టుకుంటుందే గానీ పట్టుకోదు.

లైటు డల్‌గా ఉందనగానే మనవాళ్లు చేసే మొదటి పని ఆటోనగర్‌కో రాణిగంజ్‌కో వెళ్లి 100/90 బల్బు తెచ్చి పెట్టేయడం. కంపెనీ ఇచ్చేది 60/55, అంటే హై బీమ్‌కి 60 వాట్లు, లో బీమ్‌కి 55. 12 వోల్టుల లెక్కన 55 వాట్ల బల్బు సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లదైతే 8కి పైనే. ఆ 8 ఆంపియర్లు పోవాల్సింది పాత సన్నని వైర్లలోంచి, హ్యాండిల్ మీదున్న చిన్న స్విచ్చులోంచి. కొన్నాళ్లకి ప్లాస్టిక్ హోల్డర్ కరిగి పసుపెక్కుతుంది, స్విచ్ లోపలి పాయింట్లు కాలి నల్లబడతాయి, ఆ వేడికి రిఫ్లెక్టర్ మీది పూత కూడా పోవచ్చు. లైటు మాత్రం అనుకున్నంత పెరగదు. పైగా మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడాన్ని ఒప్పుకోదు, ఎదురొచ్చేవాడి కళ్ల సంగతి సరేసరి.

అసలు తేడా ఎక్కడుందంటే బల్బు దాకా వోల్టేజ్ చేరట్లేదు. హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి బల్బు దగ్గర 12 మాత్రమే ఉందనుకోండి, మూడో వంతు వెలుగు దారిలోనే పోయింది. మోడిఫై చేసిన బండ్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే హ్యాండిల్ మార్చినప్పుడో లైటు ముందుకు జరిపినప్పుడో వైరు చాలక మెలిపెట్టి అతికి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తారు. పౌడర్ కోటింగ్ వేయించిన ఫ్రేమ్ మీద ఎర్త్ బోల్టు బిగిస్తారు, కింద రంగు గీకరు. ఒక్క వానాకాలం గడిస్తే చాలు, అతుకులన్నీ పచ్చగా చిలుం పడతాయి.

అందుకే ముందు కొలవాలి, తర్వాతే కొనాలి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఇంజిన్ ఆన్ చేసి, లైటు వెలుగుతుండగా, ఐడిల్ కంటే కొంచెం రేజ్ మీద ఎవరినైనా పట్టుకోమనండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబ్ హోల్డర్ వెనక లో బీమ్ పిన్ను మీద పెట్టండి. మీటర్‌లో కనిపించే అంకే ప్లస్ దారిలో పోతున్న వోల్టేజ్, తీసివేతలు కూడా అక్కర్లేదు. తర్వాత ఎర్ర ప్రోబ్ హోల్డర్ ఎర్త్ పిన్ను మీద, నల్లది బ్యాటరీ మైనస్ మీద పెడితే ఎర్త్ దారిలో పోయేది తెలుస్తుంది. రెండూ కలిపి అర వోల్టు లోపుంటే మీ వైరింగ్ బాగానే ఉంది, ఈ భాగం పని మీకు అక్కర్లేదు, తర్వాతి భాగంలో లైటు ఎత్తు సర్దుకుంటే చాలు. ఒక వోల్టు దాటితే కింది పనికి దిగండి. బల్బు తీసేసి ఖాళీ హోల్డర్ మీద మాత్రం కొలవొద్దు, కరెంటు పారనప్పుడు ఎంత చెత్త వైరైనా పూర్తి వోల్టేజ్ చూపించి మోసం చేస్తుంది.

రిలే అంటే భయపడేదేమీ లేదు, పొలంలో బోరు మోటరు స్టార్టర్ డబ్బాలో బటన్ నొక్కగానే టక్కున పడే కాంటాక్టరు లాంటిదే, సైజు చిన్నది. కాయిల్‌కి 150 మిల్లీ ఆంపియర్లు అటూఇటూగా చాలు, అది పడగానే లోపలి పాయింట్లు కలిసి పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి వెళ్తుంది. హ్యాండిల్ స్విచ్ ఇక ఆ కాయిల్ బరువే మోస్తుంది.

కొనాల్సినవి: 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలేలు రెండు (హైకి ఒకటి, లోకి ఒకటి), సిరామిక్ హెచ్4 హోల్డర్ ఒకటి, మూత ఉన్న బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్, 15 ఆంపియర్ల ఫ్యూజ్ (నీలం రంగుది), లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు), హీట్ ష్రింక్ స్లీవు (వేడి తగిలితే ముడుచుకుని వైరును పట్టేసే గొట్టం). వైరు దగ్గర పిసినారితనం వద్దు: బ్యాటరీ నుంచి రిలేలకి 2.5 చదరపు మిల్లీమీటర్లు, రిలే నుంచి బల్బుకి 1.5, బల్బు ఎర్త్‌కి 2.5, కాయిల్ వైపు 0.5 చాలు. అదే 4.6 ఆంపియర్లకి 0.5 వైరు మీటరుకు 0.17 వోల్టు తినేస్తే, 2.5 వైరు తినేది 0.03 మాత్రమే. అడగాల్సింది రాగి వైరే, రాగి పూసిన అల్యూమినియం వైరు కూడా పైకి అలాగే కనిపిస్తుంది, కత్తితో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది.

రిలే కింద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ గుండా వచ్చే వైరు. 87 నుంచి బల్బుకి. 86కి స్విచ్ నుంచి వచ్చే సిగ్నల్, 85కి ఎర్త్. అయిదు పిన్నుల రిలే అయితే మధ్యలో 87ఎ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. రిలే పడనప్పుడు కరెంటు వచ్చేది దానికే, పొరపాటున అక్కడ బల్బు వైరు పెడితే తాళం తీశాక లైటు వెలిగి తెల్లారేసరికి బ్యాటరీ చస్తుంది. రిలే పైన గీసిన బొమ్మలో డయోడ్ గుర్తు ఉంటే 86, 85 తారుమారు చేయకూడదు, చేస్తే షార్టే.

ఇప్పుడు బిగింపు. మొదట బ్యాటరీ మైనస్ విప్పేయండి. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయొద్దు, రేపు బండి అమ్మాలన్నా, దారిలో రిలే పోయినా పాత హోల్డర్ తిరిగి బల్బుకి తగిలించి ఇంటికి రావచ్చు. ఇన్నాళ్లూ బల్బుకి ఉన్న పాత హోల్డర్‌లో లో బీమ్ పిన్ను నుంచి ఒక రిలే 86కి, హై బీమ్ పిన్ను నుంచి రెండో రిలే 86కి వైర్లు తీయండి. ఏ పిన్ను ఏదో మీటర్‌తోనే తేల్చుకోండి, మోడిఫైడ్ బండిలో వైరు రంగును నమ్మితే అంతే సంగతులు. ఇలా చేస్తే తాళం తీయగానే సిగ్నల్ పోయి రిలే దానంతటదే వదిలేస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఇంజిన్ ఆన్ అయితే లైటు వెలగాల్సిందే కదా, ఆ ఏర్పాటు కూడా చెక్కుచెదరదు.

ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. మధ్యలో వైరు ఒరుసుకుపోయి ఫ్రేమ్‌కి తగిలితే ఆపేది అదొక్కటే, అందుకే లైటు దగ్గర పెట్టిన ఫ్యూజ్ ఉన్నా లేనట్టే. వైరు మొత్తానికి స్లీవు తొడిగి ట్యాంకు కింద ఫ్రేమ్ పైపు వెంట తీసుకెళ్లండి. మెడ దగ్గర కాస్త వదులు ఇచ్చి, హ్యాండిల్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడండి, ఎక్కడా లాగకూడదు, నలగకూడదు. రిలేలను ట్యాంకు కింద, పిన్నులు నేలవైపు ఉండేలా బిగించండి, నీళ్లు లోపల నిలవవు. హెడ్‌లైటు గిన్నెలో కుక్కేవాళ్లు ఉన్నారు, చోటు చాలకపోవడం అటుంచి హాలోజెన్ వేడి ఊరికే పోదు.

లగ్గులు గట్టిగా క్రింప్ చేయండి, మామూలు కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే కుదరదు, క్రింపింగ్ ప్లేయర్ కావాలి. టంకం పెడితే ఇంకా గట్టి అనుకుంటారు గానీ, టంకం పాకినంత మేర వైరు పుల్లలా బిరుసెక్కుతుంది, బుల్లెట్ వణుకుడికి సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. బల్బు ఎర్త్‌ను ఫ్రేమ్‌కి కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కే తీసుకెళ్లండి. ఇంకో రెండు మీటర్ల వైరు ఖర్చవుతుంది, కానీ పౌడర్ కోటింగ్ గొడవ శాశ్వతంగా వదులుతుంది.

అన్నీ బిగించాక ఫ్యూజ్ పెట్టకుండా మైనస్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి స్విచ్ అటూ ఇటూ నొక్కండి. రిలేలు టక్ టక్‌మంటే కాయిల్ వైపు సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు ఇంజిన్ ఆపి ఫ్యూజ్ పెట్టి, మళ్లీ స్టార్ట్ చేసి, ఇందాకటి రెండు కొలతలూ మళ్లీ తీయండి. రెండూ కలిపి 0.3 వోల్టు లోపు రావాలి. రాకపోతే ఒక్కో అతుకు దగ్గరా ప్రోబ్ పెట్టుకుంటూ వెళ్లండి, అంకె ఎక్కడ ఎగిరిందో దానికి ముందు అతుకే దొంగ. ఓ పావుగంట నడిపి వచ్చి ఫ్యూజ్ హోల్డర్‌నీ రిలే పిన్నులనీ వేలితో ముట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చురుక్కుమంటే ఆ లగ్గు వదులుగా ఉన్నట్టు.

7 అంగుళాల ఎల్‌ఈడీ లైటు మొత్తం సెట్టుగా పెట్టుకున్నవాళ్లకి ఇదంతా చాలావరకు అనవసరం, అది లాగే కరెంటే తక్కువ. మంచి ఎర్త్ ఒక్కటి ఇస్తే చాలు. పాత రిఫ్లెక్టర్‌లోనే ఎల్‌ఈడీ బల్బు దూర్చిన వాళ్లతో నాకు వేరే పంచాయతీ ఉంది, అది నాలుగో భాగంలో గోడ మీద బీమ్ గీత చూసేటప్పుడు తేల్చుకుందాం. దానికి మీకు కావాల్సింది ఓ గోడ, చాక్‌పీసు, టేపు, బండి మీద కూర్చోడానికి మీ బరువున్న మనిషి ఒకరు.