డిలీట్ అయిన ఫైల్‌ను వెనక్కి తెచ్చుకోవడం ఎలా?

ఫైల్ పోయిందని తెలియగానే చాలామంది ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ వెతికి, అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసేస్తారు. ఉన్న కాస్త ఆశనూ చెడగొట్టేది సరిగ్గా ఆ పనే.

డిలీట్ కొట్టినంత మాత్రాన కంప్యూటర్ లోపలి డేటాను చెరపదు. ‘ఈ చోటు ఖాళీ, వాడుకోవచ్చు’ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. ఆ చోట కొత్తదేదో వచ్చి చేరేదాకా పాతది అక్కడే ఉంటుంది. అందుకే టెన్షన్ పడకుండా ముందు డౌన్‌లోడ్లు, అప్‌డేట్లు ఆపేయండి. బ్రౌజర్ కూడా మూసేయండి. ఊరికే తెరిచి ఉన్నా అది డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది.

1. డిలీట్ చేసింది ఇప్పుడేనా? అదే ఫోల్డర్‌లో కంట్రోల్, జెడ్ కలిపి నొక్కండి. రాకపోతే రీసైకిల్ బిన్ తెరిచి, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టోర్ నొక్కితే పాత ఫోల్డర్‌లోకే వెళ్లిపోతుంది. షిఫ్ట్‌తో కలిపి డిలీట్ చేసినవి, పెన్‌డ్రైవ్‌లో చెరిపినవి మామూలుగా బిన్‌లోకి రావు.

2. ఇంకో కాపీ ఉందేమో చూడండి. గూగుల్ డ్రైవ్, సొంత ఖాతాతో వాడే వన్‌డ్రైవ్ డిలీట్ చేసిన ఫైళ్లను తమ బిన్‌లో 30 రోజులు ఉంచుతాయి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ అనే బ్యాకప్ ఏర్పాట్లు ముందే ఆన్ చేసి ఉంటే పని తేలిక. ఎవరికైనా మెయిల్ చేసిన ఫైలైతే సెంట్ ఫోల్డర్‌లో ఉంటుంది. చాలామందికి ఇది ఆఖర్న గుర్తొస్తుంది.

3. అప్పటికీ దొరక్కపోతేనే రికవరీ టూల్. రికువా, ఫోటోరెక్ ఉచితంగా దొరుకుతాయి. వేరే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచే నడపండి. రికువాలో ఫైల్ పక్కన పచ్చ చుక్క ఉంటే ఆశ ఉన్నట్టు, ఎర్ర చుక్క ఉంటే దాదాపు వదులుకోవాల్సిందే. ఫోటోరెక్ పద్ధతి వేరు. అది ఫైల్ పేర్లను పట్టించుకోదు. ప్రతి రకం ఫైల్ మొదట్లో ఉండే ప్రత్యేకమైన బైట్ల (చిన్న డేటా ముక్కల) కోసం డిస్క్ అంతా గాలిస్తుంది. ఫోటోలు బాగానే వస్తాయి కానీ పేర్లు అంకెల్లోకి మారిపోతాయి, మీకు కావలసింది ఓపిగ్గా ఏరుకోవాలి.

దొరికినవాటిని మాత్రం వేరే డ్రైవ్‌లోనే సేవ్ చేయండి.

కంప్యూటర్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) అయితే ఈ మూడో దారి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఖాళీ అయిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసేసుకుంటుంది. ఇక హార్డ్ డిస్క్ టిక్ టిక్‌మని శబ్దం చేస్తుంటే ఏ టూలూ నడపకండి. వెంటనే ఆపేసి, డేటా రికవరీ నిపుణులకు ఇవ్వండి.

4. వచ్చిన ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. సైజు సరిగ్గానే కనిపించి, తెరిస్తే పిచ్చి అక్షరాలు వచ్చేవీ ఉంటాయి. అన్నీ చూసుకున్నాకే పాత డ్రైవ్‌ను మళ్లీ వాడండి.