పాత లెన్స్ కొని, వాడి, అమ్మి ఇంకోటి కొనడం ఎలా?

సరదాకి ఫొటోలు తీసేవాళ్లు రకరకాల లెన్సులు వాడి చూడాలంటే సెకండ్‌హ్యాండే దారి. ఒకటి కొనండి, ఆర్నెల్లు దాంతోనే తీయండి, అమ్మేసి ఇంకోటి తెచ్చుకోండి. బాడీ (లెన్స్ లేని కెమెరా) మాత్రం మార్చొద్దు. మొదటిది జూమ్ లేని 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ అయ్యుండాలి. జూమ్‌తో మొదలుపెడితే కాళ్లు కదపడం అలవాటు కాదు. కొందరు కొన్నవన్నీ బీరువాలో దాచుకుంటారు. వాడని లెన్సుకే బూజు (ఫంగస్) ముందు పడుతుంది.

కొనడానికి మీ కెమెరా, చిన్న ఎల్ఈడీ టార్చ్ పట్టుకెళ్లండి. ఫోకస్ పడుతోందో లేదో చూడడం రెండు నిమిషాల పని. నికాన్ డి3500, డి5600 బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, పాత 'ఏఎఫ్-డి' రకం లెన్సులకు వాటి మీద ఆటోఫోకస్ రాదు.

అందరూ దెబ్బతినేది ఫంగస్ దగ్గరే. లెన్స్ పైనుంచి ఓసారి చూసి "గ్లాస్ క్లీన్‌గా ఉంది" అనేస్తారు. అలా ఏమీ కనపడదు. రెండు మూతలూ తీయండి. అపెర్చర్, అంటే లోపల వెలుగు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరుచుకోవాలి. లెన్స్ మీద అపెర్చర్ రింగ్ ఉంటే 1.8కి తిప్పండి. నికాన్ 'జి' లెన్సుకి రింగ్ ఉండదు, మౌంట్ (కెమెరాకి తగిలించే చోటు) దగ్గరున్న చిన్న మీటని వేలితో నెట్టి పట్టుకోండి. కానన్ ఈఎఫ్ లెన్స్ విడిగా ఉన్నప్పుడు దాని అపెర్చర్ తెరిచే ఉంటుంది.

ఇప్పుడు నీడలోకి వెళ్లి, వెనక నుంచి టార్చ్ ఏటవాలుగా వేస్తూ ముందు నుంచి చూడండి. లెన్సుని మెల్లగా తిప్పండి. తర్వాత టార్చ్ ముందుకి, కన్ను వెనక్కి. అంచుల దగ్గర తొందరపడకండి.

విడివిడి చుక్కలైతే దుమ్ము, పర్వాలేదు. సాలీడు అల్లినట్టు కొమ్మలు వేసిన సన్నటి పోగులైతే ఫంగస్. ఊపిరి తగిలిన అద్దంలా మసకగా ఉంటే హేజ్. ఈ రెండిట్లో ఏదున్నా సగం ధరకిచ్చినా వద్దు. క్లీన్ చేయిస్తే పోతుందంటారు. ఫంగస్ గాజు మీది కోటింగ్‌ని తినేశాక ఎంత తుడిచినా మచ్చ పోదు. నేనొకసారి ట్యూబ్‌లైట్ కింద చూసి 85 ఎంఎం కొన్నాను. ఇంటికొచ్చి టార్చ్ వేస్తే అంచున వెంట్రుకంత పోగు. తర్వాత దాన్ని అమ్మబోతే, కొనడానికొచ్చిన కుర్రాడు అర నిమిషంలో పట్టేశాడు.

విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో లెన్సుని బ్యాగులో ఉంచొద్దు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగితే మార్చండి. అమ్మేటప్పుడు టార్చ్ మీరే కొనేవాళ్ల చేతికివ్వండి.