ఇంటి బోరుకు పంపు, నీటి నిల్వ: నాలుగో పాఠం

మీ బోరులో నీటిమట్టం ఎంత లోతున ఉందో రాసి పంపమని మూడో పాఠం చివర అడిగితే, చాలామంది బోరు లోతు రాసి పంపారు. "మాది 400 అడుగుల బోరు, ఎన్ని హెచ్‌పీ మోటారు వేయాలి?" అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఈ రెండు లోతులూ వేరని విడిగా చెప్పనవసరం లేదనుకోవడం నా పొరపాటు. కాబట్టి ఈ వారానికి అనుకున్న ట్యాంకు సంగతిని ఈ పాఠం చివరికి జరిపాను.

గిలక బావిలో నీళ్లు తోడినవారికి ఇది చేతికి తెలిసిన విషయమే. చేద నీళ్లలో మునిగి ఉన్నంతసేపు దాని బరువు దాదాపు తెలియదు. నీటిని దాటి పైకి వచ్చాకే తాడు బిగుస్తుంది. బోరులోనూ అంతే. పంపును 350 అడుగులకు దించినా, అది నడుస్తుండగా నీటిమట్టం 150 అడుగుల దగ్గర నిలబడితే, కింది 200 అడుగుల పైపులో ఉన్న నీటి బరువును బయటి నీరే మోస్తుంది. పంపు ఎత్తవలసింది ఆ 150 అడుగులు, నేల నుంచి ట్యాంకు అంచు దాకా 40 అడుగులు, పైపు రాపిడి కింద నేను వేసుకునే 10 అడుగులు; మొత్తం 200 అడుగులు, అంటే సుమారు 61 మీటర్లు. లోతుగా దించినందువల్ల పెరిగేది రాపిడి, పైపు, కేబుల్ ఖర్చు మాత్రమే. అలాగని, మోటారు వేయకముందు తెల్లవారుజామున కొలిచిన 80 అడుగులను లెక్కలోకి తీసుకున్నా తప్పే. కావలసింది పంపు నడుస్తున్నప్పటి మట్టం.

పంపు మీద రాసిన గరిష్ఠ హెడ్‌ను, అంటే పంపు నీటిని నెట్టగల అత్యధిక ఎత్తును, నమ్ముకోవద్దు. ఆ ఎత్తుకు చుక్క నీరు కూడా బయటికి రాదు. కంపెనీ పట్టికలో 61 మీటర్లకు ఎదురుగా నిమిషానికి ఎన్ని లీటర్లని ఉందో చూడండి. ఆ అంకె బోరు ఊటను మించకూడదు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్ల నీరు నిలుస్తుంది. ఊట నిమిషానికి 15 లీటర్లే ఉండి పంపు 40 లీటర్లు లాగితే, మట్టం నిమిషానికి దాదాపు 4 అడుగులు పడిపోతుంది. పంపు మీద 100 అడుగుల నీరున్నా అరగంట నిలవదు. కొత్త మోటారు వేసిన రోజు పావుగంట ధార చూసి మురిసిపోయిన ఇంట్లోనే ఆ తరువాత పంపు నీళ్లు లేకుండా తిరిగి, మోటారు లోపలి తీగచుట్ట (వైండింగు) కాలుతుంది.

ఇక నిల్వ. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన అయిదుగురికి 675 లీటర్లు చాలు; నిమిషానికి 15 లీటర్ల ఊట గంటలో 900 లీటర్లు ఇస్తుంది. అందుకే బలహీనమైన బోరుకు పెద్ద పంపు కన్నా చిన్న పంపు, 3,000 లీటర్ల సంపు, సంపు నుంచి పైకి ఎక్కించడానికి అర హెచ్‌పీ మోటారు మేలని నేను ఎప్పుడూ చెబుతాను. సంపు ఉంటే బోరు పంపుకు మేడ ఎత్తు కూడా తగ్గుతుంది. నీళ్లు లేనప్పుడు మోటారును దానంతటదే ఆపే డ్రై రన్ ప్రివెంటర్ ఎలాగూ పెట్టవలసిందే.

అభ్యాసం: మే నెలలో ఒక రోజు, మనిషి పక్కనే ఉండి పంపును గంటసేపు నడపండి. పది నిమిషాలకొకసారి 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతోందో రాసుకోండి. ధారలో గాలి తుంపరలు కనిపిస్తే గేటు వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ, ధార నిలకడగా వచ్చిన చోట మళ్లీ కొలవండి. అదే మీ ఊట. ఈసారి ఆ అంకెను పంపండి, బోరు లోతును కాదు.