వియన్నాలో పగలు మ్యూజియం, రాత్రి ఒపెరా: నిలబడి చూసే టికెట్‌తో ఎలా?

వియన్నాకి రెండు రోజులు కేటాయించి, అందులోనే నాలుగు మ్యూజియాలు, ఒక ప్యాలెస్, ఒక కచేరీ ఇరికించేస్తారు మనవాళ్లు. రెండో మ్యూజియానికే కాళ్లు లాగేస్తాయి. మూడోదాంట్లో బొమ్మలు వదిలేసి బెంచీలు వెతుక్కుంటారు. రాత్రి కచేరీలో నిద్రపోతారు. పగలు ఒక్క మ్యూజియం, రాత్రి ఒక్క కార్యక్రమం. ఏదైనా రెండోది పెట్టుకుంటే మొదటిదీ దక్కదు.

1. నెల, వారం

స్టాట్స్‌ఓపర్ అనే ప్రధాన ఒపెరా హౌస్ జులై, ఆగస్టుల్లో మూతబడుతుంది. మే, జూన్ నెలల్లో వెళ్లండి. మన పిల్లల వేసవి సెలవులకీ అదే కుదురుతుంది. కున్స్ట్‌హిస్టోరిషెస్ అనే చిత్రాల మ్యూజియానికి ఏడాదిలో చాలా నెలలు సోమవారం సెలవు. గురువారం మాత్రం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. ఆదివారం ఊళ్లో ఉంటే పదకొండింటికి ఆగస్టినర్ చర్చికి వెళ్లండి. హైడ్న్, మోజార్ట్, షూబర్ట్ స్వరపరిచిన మాస్‌లను, అంటే చర్చి ప్రార్థన గీతాలను, ఆర్కెస్ట్రాతో ప్రార్థనలో భాగంగానే పాడతారు. టికెట్ ఉండదు.

2. వెంట ఉండాల్సినవి

మెత్తటి అడుగున్న బూట్లు, చిన్న సంచి, పలచటి చున్నీ లేదా కండువా ఒకటి. చెప్పులు, నిక్కర్లు ఒపెరాకి వద్దు. కోటు, టై కూడా అక్కర్లేదు, ఇస్త్రీ చొక్కా చాలు.

3. మ్యూజియంలో రెండు గంటలు

కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం పదింటికి తెరుస్తారు. ఆ వేళకే వెళ్లి, కింద ఈజిప్టు గదుల వైపు చూడకుండా నేరుగా మొదటి అంతస్తులో పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ గదికి ఎక్కండి. పీటర్ బ్రూగెల్ వేసిన చిత్రాల్లో నేటికి మిగిలినవి నలభై వరకు ఉంటే, పన్నెండు ఈ ఊళ్లోనే ఉన్నాయి. మంచులో వేటగాళ్ల చిత్రం (1565) ముందు పది నిమిషాలు నిలబడండి. వేటకుక్కలు అన్ని ఉన్నా దొరికింది ఒక్క బక్క నక్క. సత్రం బోర్డు ఒకే కొక్కేనికి వేలాడుతుంది. దూరంగా ఒక ఇంటి పొగగొట్టానికి నిప్పంటుకుంది. రైతుల పెళ్లి చిత్రంలో వడ్డన పళ్లెం ఏమిటో చూడండి: ఊడదీసిన తలుపు.

ఆ తర్వాత వెర్మీర్‌ది ఒకటి, వెలాస్కెజ్ గీసిన చిన్న రాకుమారి చిత్రాలు, అంతే. ఆడియో గైడు తీసుకోకండి. చెవిలో ఎవరో చెబుతుంటే కళ్లు పని మానేస్తాయి. తీసుకునే తీరాలంటే బొమ్మను మీరు చూశాకే బటన్ నొక్కండి. పన్నెండున్నరకి బయటికొచ్చేసి, భోంచేసి, గదికి వెళ్లి పడుకోండి. ఈ నిద్ర మానేస్తే కింద చెప్పబోయేదంతా వృథా.

4. నిలబడే టికెట్

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే. మంచి కుర్చీకి రెండు వందల యూరోలు దాటుతుంది. నిలబడే చోటు ఇరవై లోపే. అలాంటివి నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఆ రోజు ప్రదర్శనకి ఆ రోజే అమ్ముతారు: ఉదయం పదింటి నుంచి ఆన్‌లైన్‌లో, మిగిలినవి సాయంత్రం కౌంటర్లో. వేళలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి ముందురోజే ఒపెరా హౌస్ సైట్ చూసుకోండి.

మూడు చోట్లు ఉంటాయి: కింద పార్టెర్, పైన బాల్కనీ, ఆ పైన గ్యాలరీ. పార్టెరే తీసుకోండి. కుర్చీల వెనకే, వేదికకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పైన పక్కలకి నిలబడితే సగం వేదిక కనబడదు.

టికెట్‌కి నంబరు ఉండదు, ముందొచ్చినవాళ్లదే చోటు. అందుకే తలుపులు తెరిచేసరికి వరుసలో ఉండాలి. లోపలికి వెళ్లగానే ముందు కమ్మీ పట్టుకుని, దానికి మీ చున్నీ ముడేయండి. ఇక ఆ చోటు మీదే, నిశ్చింతగా తిరిగిరావచ్చు. ఇది అక్కడి పాత పద్ధతి, అందరూ గౌరవిస్తారు. కానీ మనిషికొక గుడ్డ. ఒకరు ముందొచ్చి నలుగురికి కలిపి ఒకటే చీర కొంగులా పరిచేస్తే పక్కవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కోటు, పెద్ద సంచి కట్టొద్దు, అవి కోట్లగదిలో ఇచ్చేయాలి. చివరి నిమిషంలో వస్తే ఆరడుగుల ఆస్ట్రియన్ వీపు తప్ప మరేమీ కనబడదు.

కమ్మీ మీద పాటల అర్థం చూపించే చిన్న తెర ఉంటుంది. దీపాలు ఆరకముందే ఇంగ్లీషు ఎంచుకోండి. మోకాళ్లు బిగబట్టి నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచి కళ్లు తిరుగుతాయి. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తూ ఉండండి. సాయంత్రం ఐదున్నరకల్లా తినేయండి. విరామంలో కాసేపు కూర్చుని, ముందువైపు పెద్ద మెట్లదారి చూడండి. 1945 మార్చి బాంబుదాడిలో హాలు, వేదిక కాలిపోయినా మెట్లదారి మిగిలింది. 1955లో తిరిగి తెరిచారు.

ఏ ఒపెరా అనేదీ ముఖ్యమే. మొదటిసారైతే ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపెరాలే, వేరే మాట లేదు. ఆయన 'టోస్కా' ఇక్కడ 1958 నాటి సెట్లతో, 'లా బొహెమ్' 1963 నాటి సెట్లతో ఇప్పటికీ ఆడుతున్నాయి. కథ రోమ్‌లో అంటే వేదిక మీదా రోమే. జర్మన్ స్వరకర్త వాగ్నర్ జోలికి పోవద్దు, ఐదు గంటలు నిలబడలేరు. రిచర్డ్ స్ట్రౌస్ 'సలోమీ' గంటా నలభై అయిదు నిమిషాలే కదా అనుకోకండి. దానికి విరామం లేదు, ఆలస్యమైతే ఇక లోపలికే రానివ్వరు.

నడివీధిలో మోజార్ట్ విగ్గు, ఎర్ర కోటు వేసుకుని టికెట్లు అమ్మేవాళ్లు ఎదురవుతారు. అవి పర్యాటకుల కోసం కూర్చిన కచేరీలు, తెలిసిన పాటల ముక్కలు. ఆ డబ్బుతో మూడు రాత్రులు అసలు ఒపెరా నిలబడి చూడొచ్చు.

5. చప్పట్లు

మన సభల్లో తొడ మీద తాళం వేస్తాం, మంచి సంగతి పడితే మధ్యలోనే భళా అంటాం. అక్కడ రెండూ కుదరవు. ఒపెరాలో పాట ముగిశాక కొట్టవచ్చు. మ్యూజిక్‌ఫెరైన్ అనే కచేరీ హాలులో సింఫొనీకి (భాగాలుగా సాగే ఆర్కెస్ట్రా రచనకి) వెళ్తే భాగాల మధ్య కొట్టకూడదు, ఆర్కెస్ట్రా సంచాలకుడు చేతులు దించేదాకా ఆగాలి. చైకోవ్‌స్కీ ఆరో సింఫొనీలో మూడో భాగం అంతా అయిపోయినంత హోరుగా ముగుస్తుంది. అందరూ మోసపోయేది అక్కడే, ఇంకా నెమ్మదైన నాలుగో భాగం ఉంది.

పిల్లలు విసిగితే విరామంలో వెళ్లిపోండి, అంకం మధ్యలో వద్దు. చివర్లో కోట్లగది క్యూ కోసం పరిగెత్తడం కూడా దండగే. కార్ల్స్‌ప్లాట్స్ మెట్రో పక్కనే ఉంది, అర్ధరాత్రి దాకా నడుస్తుంది. శుక్ర, శనివారాల్లో రాత్రంతా.