మూత్రం జారే సమస్యకు మూలకణాల చికిత్స చేస్తామంటే ఏమేమి అడగాలి

దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం జారిపోతుంటే సిగ్గుతో ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోని స్త్రీలు ఎందరో ఉన్నారు. మూలకణాల (కొత్త కణాలను పుట్టించగల స్టెమ్ సెల్స్) ఇంజెక్షన్‌తో దీన్ని శాశ్వతంగా నయం చేస్తామని ఎవరైనా చెబితే, డబ్బు కట్టే ముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

ముందు జబ్బు ఏ రకమో తెలియాలి. మూడు రోజులపాటు తాగిన నీళ్లు, మూత్రానికి వెళ్లిన వేళలు, జారిన సందర్భాలు రాసి యూరాలజిస్టుకు గానీ గైనకాలజిస్టుకు గానీ చూపించండి. ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా వచ్చే మూత్రం వేరే సమస్య, దాని వైద్యమూ వేరే.

మూలకణాల పద్ధతిలో సాధారణంగా తొడ కండరంలోంచి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచి, మూత్రనాళాన్ని బిగించి ఉంచే కండరంలోకి ఎక్కిస్తారు. చిన్న అధ్యయనాల్లో కొందరికి మేలు కనిపించిన మాట నిజమే. అయితే కణాలు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చి చూసి 2018లో ఫలితాలు ప్రచురించిన ప్రయోగంలో, ఆ ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలోనూ చాలామందికి తగ్గినట్టు తేలడంతో, కణాల వల్ల అదనంగా ఒరిగిందేమిటో రుజువు కాలేదు. అంతకుముందు ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రక్ వైద్యులు 2007లో గొప్ప ఫలితాలు ప్రకటించగా, పరిశోధన నిర్వహణలో తీవ్ర లోపాలు బయటపడి, దాన్ని ప్రచురించిన లాన్సెట్ వైద్య పత్రిక ఆ వ్యాసాన్ని 2008లో ఉపసంహరించుకుంది. అందువల్ల ఎవరో ఒకరికి తగ్గిందన్న మాట నాకు సాక్ష్యంగా కనిపించదు.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదిత వాడకాలు తప్ప మిగిలినదంతా పరిశోధనే; అందులో చేరినవారి నుంచి రుసుము తీసుకోకూడదు. కాబట్టి మనుషులపై చేసే వైద్య ప్రయోగాలను నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య అడిగి, ఆ వెబ్‌సైటులో మీరే వెతికి చూడండి. ప్రయోగంలో చేరేవారి క్షేమాన్ని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం, తెలుగులో సమ్మతి పత్రం, హాని జరిగితే పరిహారం ఎవరిస్తారన్న వివరం కూడా అడగండి. ఇవేవీ చూపకుండా బిల్లు చేతిలో పెడితే లేచి వచ్చేయండి.

ఈలోగా రుజువైన దారి ఒకటుంది. గ్యాసు ఆపుకునేటప్పుడు బిగిసే కటి కండరాలను, ఊపిరి బిగబట్టకుండా, పొట్టను గట్టిపరచకుండా, ఒక్కో విడతకు కనీసం 8 సార్లు చొప్పున రోజుకు మూడు విడతలు బిగించి వదలాలి. సరిగా చేస్తున్నదీ లేనిదీ ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి చూపించుకోవడం మంచిది. కనీసం మూడు నెలలు చేసినా తగ్గకపోతే, మూత్రనాళానికి ఊతమిచ్చే స్లింగ్ శస్త్రచికిత్స గురించి, దానికి సింథటిక్ పట్టీ వాడతారా లేక మీ శరీరంలోని కణజాలమే వాడతారా అన్నదాని గురించి వైద్యులతో మాట్లాడండి.